మార్లన్ టీగ్ ఎడమ కన్ను

జెర్సీ సిటీ,
జనవరి 11.

అన్నయ్యకు,

వందనాలు. ముందుగా ఒక షరతు. ఈ ఉత్తరం వదినకు చదివి వినిపించకు. నీ ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. నేను హలో అనేసరికి వదిన, పిల్లలు, ఒక్కోసారి మీ సంఘంలో సగం మంది కలిసి "వందనాలు సిస్టర్" అంటారు. అందుకే ఈ కాగితం, ఈ స్టాంపు. హాస్టల్లో ఉన్నప్పుడు నాన్న మనిద్దరికీ నేర్పిన ఉత్తరాల అలవాటు ఇన్నాళ్లకు ఇలా పనికొస్తోంది. ఇంకో కారణం కూడా ఉంది. మా ఆఫీసులో ఆటగాళ్ల సంగతులు బయటివాళ్లతో ఫోన్‌లో గానీ మెయిల్‌లో గానీ మాట్లాడకూడదు. మరి ఉత్తరం రాయొచ్చా అంటే అదీ కూడదనే అర్థం. కానీ నీకు కూడా చెప్పుకోకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

నా పనేమిటో ఎన్నిసార్లు చెప్పినా నువ్వు అందరితో "మా చెల్లి ఆఫీసులో కూర్చుని ఫుట్‌బాల్ చూస్తుంది" అనే అంటావు. ఈసారి సరిగ్గా విను. మార్చిలో క్లబ్బులు ఆటగాళ్లతో కొత్త ఒప్పందాలు చేసుకుంటాయి. దానికి ముందు ఫలానావాడు ఎలా ఆడుతున్నాడో చూసి చెప్పమని మా కంపెనీని అడుగుతాయి. మేం వాడి ఆటల వీడియోలన్నీ చూసి, ఒక పక్క బలాలు, ఇంకో పక్క బలహీనతలు రాసిస్తాం. మూడేళ్లుగా నేను వీడియో ముక్కలకు పేర్లు అంటించే పని చేశాను. రిపోర్టు కింద పేరు మాత్రం ఎప్పుడూ ఇంకొకరిదే. ఇప్పుడు మొదటిసారి నాకు సొంతంగా ఒక రిపోర్టు ఇచ్చారు. మార్చి ఆరున ఇవ్వాలి. బాగుంటే నన్ను పర్మనెంట్ చేసి గ్రీన్ కార్డు ఫైల్ చేస్తారట. బాగా లేకపోతే నా కాంట్రాక్టు మార్చి ముప్పై ఒకటితో సరి, వీసా సంగతి నీకు చెప్పక్కర్లేదు. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో మళ్లీ మొదటికి రావడానికి నాలో ఓపిక లేదు అన్నయ్యా.

నాకిచ్చిన మనిషి పేరు మార్లన్ టీగ్. టైట్ ఎండ్. అంటే బంతిని చేత్తో పట్టి ఆడే ఈ అమెరికన్ ఫుట్‌బాల్‌లో, ఆటగాళ్లు వరసగా నిలబడే లైనుకి చివర నిలబడేవాడు. ఒకసారి ఎదుటివాణ్ని ఒళ్లంతా పెట్టి నెట్టి, బంతి మోసేవాడికి దారి చెయ్యాలి. ఇంకోసారి తనే పరుగెత్తి బంతి పట్టాలి. ఒక జీతానికి రెండు ఉద్యోగాలు. టీవీలో పట్టిన బంతులే చూపిస్తారు, నెట్టిన మనుషుల్ని చూపించరు. ఇతను ఆ నెట్టే పని ఎంత శ్రద్ధగా చేస్తాడో చెప్పలేను. తొమ్మిదేళ్లుగా ఒక్క ఆటలో కూడా మధ్యలో వదిలేసి నడిచినట్టు కనిపించలేదు. ఆరువందల ముక్కలు చూశాను. బలాల పక్క నాలుగు పేజీలు రాశాను. రెండో పక్క మాత్రం ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఏదో ఉంది. ఇంకా నాకే తెలియదు.

నీ చెల్లెలు,
పర్సిస్

*

బెంటన్‌విల్,
జనవరి 21.

పర్సీ తల్లికి,

ప్రభువు కృప నీకు తోడుండాలని కోరుతూ నీ అన్నయ్య దైవాశీర్వాదం రాస్తున్నది. నీ ఉత్తరం కార్‌లో కూర్చుని చదివాను, ఇంట్లో చదివితే మీ వదిన మణి భుజం మీదుగా చూస్తుందని. "ఏం రాసింది?" అని అడిగింది. "బాగానే ఉందట" అన్నాను. అబద్ధం కాదుగా.

ఇక్కడ నా సంగతి చూస్తే నవ్వొస్తుంది నీకు. వారం అంతా స్టోర్ల సాఫ్ట్‌వేర్ ఎక్కడ పడిపోతే అక్కడ పరుగెత్తాలి. ఆదివారం అమెరికన్ చర్చివాళ్లు తమ ఆరాధన ముగించి హాలు మనకిస్తారు. వాళ్ల కాఫీ కప్పులు తీసి, కుర్చీలు మన లెక్కన వేసి, పాటల స్క్రీను పెట్టి, ప్రసంగం చేసి, మళ్లీ కుర్చీలు వాళ్ల లెక్కన వేసి ఇంటికొచ్చేసరికి నాలో ప్రాణం ఉండదు. పాస్టర్ అంటే తెల్ల చొక్కా వేసుకుని చెయ్యెత్తడమే అనుకునేవాణ్ని చిన్నప్పుడు. నడుము నొప్పి సంగతి ఎవరూ చెప్పలేదు.

అయినా నీ టైట్ ఎండ్ నాకు నచ్చాడు. మొన్న మన కీబోర్డు ఎవాన్ ఇంట్లో ఆట చూశాం. గుర్తున్నాడా, ఇక్కడే పుట్టినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, తెలుగు పాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని వాయిస్తాడు. నేను "టైట్ ఎండ్ ఎవరు?" అని అడిగితే "అంకుల్, మీకు టైట్ ఎండ్ ఎలా తెలుసు?" అని నోరు తెరిచాడు. నేను గొప్పగా నవ్వి ఊరుకున్నాను. నీ గురించి ఏమీ అనలేదు, భయపడకు.

ఆ ఒక్క వాక్యం ఏమిటో రాయి. నాతో చెబితే గోడకి చెప్పినట్టే. వేళకి తిను. నీ గొంతు విని చాలా రోజులైంది, ఉత్తరంలో కూడా అలసట వినబడుతోంది.

నీ అన్నయ్య

*

జెర్సీ సిటీ,
ఫిబ్రవరి 2.

అన్నయ్యకు,

దొరికింది. దొరక్కపోయినా బాగుండేది.

మొదట అంకెల్లో చెబుతాను. ఈ సీజన్ చివరి ఏడు ఆటల్లో మార్లన్‌కి కుడి భుజం మీదుగా ఇరవైఆరు బంతులు వచ్చాయి, ఇరవైమూడు పట్టాడు. ఎడమ భుజం మీదుగా తొమ్మిది వచ్చాయి, పట్టింది ఒక్కటి. కిందటేడు ఎడమవైపు పదిహేడింటికి పద్నాలుగు పట్టిన మనిషి ఇతనే. మిగతా కంపెనీల వాళ్లు "వయసు మీద పడింది, చేతులు జారుతున్నాయి" అని రాశారు. ముప్పై ఒక్కేళ్ల వాడి చేతులు ఒక పక్కకే ఎలా జారతాయి?

మా ఆఫీసులో వాల్ట్ అని ఒక పెద్దాయన ఉన్నారు. ముప్పై ఏళ్లుగా ఇదే గదిలో ఇవే వీడియోలు చూస్తున్నారు. నాకు పని నేర్పింది ఆయనే. "బంతిని చూడకు, అందరూ దాన్నే చూస్తారు. మనిషిని చూడు" అంటారు. నేను మనిషిని చూశాను. ఆట మొదలయ్యే ముందు మార్లన్ తల మొత్తం ఎడమకు తిప్పి చూసి, మళ్లీ ముందుకు తిప్పుకుంటాడు. కిందటేడు కళ్లు మాత్రమే తిప్పేవాడు. ఇంకొకటి. ఇదివరకు లైనుకి ఏ చివరైనా నిలబడేవాడు. ఇప్పుడు వీలైనప్పుడల్లా ఎడమ చివరనే నిలబడుతున్నాడు. అక్కడ నిలబడితే ఆట దాదాపు అంతా కుడివైపే ఉంటుంది. డిసెంబరులో రెండుసార్లు ఎడమ నుంచి వచ్చినవాడు గుద్దితే, కాస్త కూడా కాచుకోకుండా గోనెసంచిలా పడిపోయాడు. రాబోయే దెబ్బ కనిపిస్తే ఎవరూ అలా పడరు.

నాన్న గుర్తున్నారా? ఆఖరి ఏడాది పళ్లెంలో ఎడమవైపు వడ్డించిన కూర ముట్టుకునేవారు కాదు. అమ్మ "కూర నచ్చలేదా?" అని నొచ్చుకునేది. ఆయన "నచ్చిందే" అని పళ్లెం తిప్పుకుని తినేవారు. మనిద్దరం ఎదురుగా కూర్చుని చూశాం. ఒక్కరికైనా తట్టిందా? డాక్టరు చెప్పేదాకా ఆయనా చెప్పలేదు, మనమూ అడగలేదు.

ఇతని ఎడమ కన్ను పోతోంది అన్నయ్యా. నేను డాక్టర్ని కాను. నా మాట తప్పయితే ఒక మనిషి తొమ్మిదేళ్ల కష్టానికి వచ్చే చివరి ఒప్పందం నా వల్ల పోతుంది. నిజమై నేను రాయకపోతే, ఎడమ నుంచి వచ్చే ఏ దెబ్బకో అతను లేవకపోవచ్చు. రాస్తే, మొదటి రిపోర్టులోనే వైద్యం మాట్లాడిన కాంట్రాక్టు ఉద్యోగి ఏమవుతుందో అదీ తెలియదు. నువ్వేమంటావు? ఎవరికీ చెప్పకు. వదినకు కూడా. నీ మీద ఒట్టు.

నీ చెల్లెలు,
పర్సిస్

*

బెంటన్‌విల్,
ఫిబ్రవరి 12.

పర్సీకి,

రెండు రోజులు నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. నాన్న పళ్లెం సంగతి నువ్వు రాసేదాకా నాకు గుర్తే లేదు. ఆయన పళ్లెం తిప్పుకోవడం ఏదో చాదస్తం అనుకునేవాణ్ని. పైగా ఒకసారి నవ్వాను కూడా. ఆ నవ్వు తలుచుకుని నిన్న మీటింగ్ మధ్యలో కెమెరా ఆపేసుకోవాల్సి వచ్చింది.

నన్ను అడిగావు కాబట్టి చెబుతున్నాను. రాయి. నీకు కనిపించింది కనిపించినట్టు రాయి, తెలియనిది తెలియదని రాయి. ఇంత చదివి, ఇంత కష్టపడి, చూసింది చెప్పడానికి భయపడితే ఇంకెందుకు? ఉద్యోగం సంగతి ప్రభువు చూస్తాడు. ఇలా అనడం నాకు సులువే, వీసా నాది కాదు. ఆ మాట కూడా తెలిసే అంటున్నాను.

నేను చెయ్యగలిగింది ప్రార్థన ఒక్కటే. అది చేస్తాను. ఎవరికీ చెప్పను, నిశ్చింతగా ఉండు.

నీ అన్నయ్య

*

జెర్సీ సిటీ,
ఫిబ్రవరి 24.

అన్నయ్యకు,

నీ ఉత్తరం అందకముందే, పదో తేదీనే రాసేశాను. నువ్వు రాయమన్నావని చదివి ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. "ఎడమ వైపు చూపు తగ్గినట్టు ఆటలో కనిపిస్తోంది, ఒప్పందానికి ముందు కంటి పరీక్ష చేయించడం మంచిది" అని రెండే వాక్యాలు. కింద తొమ్మిది వీడియో ముక్కల నంబర్లు. డ్రాఫ్టు వాల్ట్‌గారికి చూపించాను. ఆయన ఆ ముక్కలు మూడుసార్లు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "నేనెలా చూడలేదు?" అన్నారు. అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నాకు ఈ దేశంలో ఎవరూ ఇవ్వలేదు.

ఆ సంతోషం రెండు రోజులు. పద్దెనిమిదో తేదీ పొద్దున ఫుట్‌బాల్ వాళ్ల ఫోరంలో ఎవరో రాశారు, మార్లన్ టీగ్ ఎడమ కన్ను పోయిందట, లోపలి మనుషులు చెప్పారట అని. మధ్యాహ్నానికి అన్ని చోట్లా అదే. క్లబ్బు ఒప్పందం మాటలు ఆపేసింది. అతని ఏజెంటు మా కంపెనీని కోర్టుకు లాగుతానంటున్నాడు. రిపోర్టు ఇంకా మా గది దాటలేదు అన్నయ్యా! ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే, నేనూ వాల్ట్‌గారూ.

ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి అడిగారు. "ఆఫీసు బయట ఎవరికైనా చెప్పావా?" అన్నారు. నేను చెప్పలేదన్నాను. నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చేసింది. నువ్వు నా దృష్టిలో బయటివాడివి కాదు. పైగా నీ దగ్గర్నుంచి ఎక్కడికి పోతుంది? నిజం చెబితే ఆ నిమిషమే నన్ను తీసేస్తారు, అంతే భయం. వాల్ట్‌గారికి చాలామంది పాత్రికేయులు తెలుసు. అందుకని ఆయన్ని ఇంటికి పంపేశారు, విచారణ తేలేదాకా. అరవై రెండేళ్ల మనిషి తన కాఫీ కప్పు చేత్తో పట్టుకుని వెళ్లిపోయారు. నా వైపు చూసి తలూపారు. ఆయనే చెప్పి ఉంటారా అని నేను కూడా ఒక పూట అనుమానించాను. ఆ పాపం కూడా నాకే.

ఇక్కడ ట్రైన్‌లో నిలబడి నిద్రపోతున్నాను. ఏదో ఒకటి రాయి.

పర్సిస్

*

బెంటన్‌విల్,
మార్చి 1.

పర్సిస్‌కి,

ఉత్తరం అందింది. ఇక్కడ అందరం కులాసా. మంచు కురిసి రోడ్లన్నీ మూసేశారు, పిల్లలకు స్కూలు లేదు. మణి నీకు కందిపొడి, గోంగూర పచ్చడి పంపుతోంది. వాల్ట్‌గారికి పెళ్లాం పిల్లలు ఉన్నారా? ఆరోగ్యం జాగ్రత్త.

దైవాశీర్వాదం

*

బెంటన్‌విల్,
మార్చి 4.

పర్సీ,

మొన్నటి ఉత్తరం చింపెయ్యి. అది పిరికివాడు రాసింది. పచ్చడి సీసా మాత్రం నిజంగానే పంపాం.

నేనే చెప్పాను. నేనే.

ఫిబ్రవరి పదమూడు, శుక్రవారం, మా ఇంట్లోనే గృహ కూడిక. పన్నెండు కుటుంబాలు వచ్చాయి. పాటలయ్యాక ప్రార్థన మనవులు అడుగుతాం కదా, ఒకరు ఇంటర్వ్యూ అన్నారు, ఒకరు అత్తగారి షుగర్ అన్నారు. నేను జేబులో నీ ఉత్తరంతోనే కూర్చున్నాను. "ఒక ఆటగాడు, కంటి సమస్య, పేరు వద్దు" అన్నాను. అంతవరకే అనుకున్నాను. కానీ మన దగ్గర పద్ధతి నీకు తెలుసు. పేరు పెట్టి అడిగితేనే అడిగినట్టు. మోకాళ్ల మీద ఉన్నాను, కళ్లు మూసుకున్నాను, కళ్ల ముందు నాన్న పళ్లెం. నాన్న కోసం అప్పుడు చెయ్యని ప్రార్థన అంతా ఆ మనిషి కోసం చేశాను. "తండ్రీ, మార్లన్ టీగ్ ఎడమ కంటిని ముట్టు" అని గట్టిగా అరిచాను. అందరూ ఆమెన్ అన్నారు. ఆ గదిలో వాడెవడో ఎవరికీ తెలియదు, ఎవాన్‌కి తప్ప.

ఎవాన్ ఆఫీసువాళ్లు నిజం ఆటగాళ్ల పేర్లతో ఊహా జట్లు కట్టుకుని, ఏడాది పొడుగునా ఆ పేర్లు ఒకరికొకరు మార్చుకుంటూ ఒక సరదా లీగ్ ఆడుకుంటారట. అందులో మార్లన్ మనవాడి జట్టులో ఉన్నాడు. కూడిక అయి భోజనాలు అవుతుండగానే ఫోన్‌లో అతన్ని ఎవరికో అంటగట్టేశాడు. పుచ్చుకున్నవాడికి అనుమానం వచ్చి ఎందుకిచ్చావంటే, కన్ను పోతోందట, లోపలివాళ్లు చెప్పారు అన్నాడు. మిగతాది ఆ రెండోవాడు చేశాడు. నీ ఉత్తరం చదవగానే ఎవాన్ ఇంటికి వెళ్లి నిలదీశాను. "అంకుల్, ఐ యామ్ సో సారీ అంకుల్. సీక్రెట్ అని నాకు తెలీదు. మీరు ప్రేయర్‌లో అలౌడ్‌గా చెప్పారు కదా" అన్నాడు. వాణ్ని తిట్టడానికి నా దగ్గర ఏముంది? వాడన్నది నిజమే.

గోడకి చెప్పినట్టే అన్నాను నీతో. నీ మీద ఒట్టు అన్నావు, ఆ ఒట్టు కూడా ప్రార్థనకు వర్తించదనుకున్నాను. ఎవరికీ చెప్పడం లేదు, దేవుడికే కదా చెబుతున్నాను అనుకున్నాను. పక్కన నలభై మంది ఉన్నారన్న ధ్యాస లేదు. నాలుగైదు రోజులు నీ ముందు ఈ మాట ఒప్పుకోలేక మంచు గురించి రాశాను.

మీ మేనేజరు పేరు చెప్పు. నేను రాస్తాను, కాదంటే బండి వేసుకుని వచ్చి చెబుతాను. తప్పు నాదని చెబితే నిన్ను వదిలేస్తారేమో. ఆ పెద్దాయన్ని మాత్రం నా వల్ల ఇంట్లో కూర్చోబెట్టకండి.

అన్నయ్య

*

జెర్సీ సిటీ,
మార్చి 16.

దైవాశీర్వాదం అన్నయ్యకు,

నువ్వు ఎవరికీ రాయక్కర్లేదు, రావక్కర్లేదు. బుధవారం నేనే మేనేజర్ గదిలోకి వెళ్లి చెప్పాను. బయట ఒకరికి చెప్పానని, అది మా అన్నయ్యకని, ఉత్తరంలో అని. "ఉత్తరమా?" అని రెండుసార్లు అడిగారు. తర్వాత ఎలా బయటికి పోయిందో చెప్పాల్సి వచ్చింది. కూడిక అంటే ఏమిటో, మనవి అంటే ఏమిటో, పేరు ఎందుకు పెట్టాలో ఆ గదిలో కూర్చున్న ముగ్గురికీ ఇంగ్లీషులో విడమరచి చెప్పాను. నవ్వుతారేమోనని చూశాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

శుక్రవారం నా చివరి రోజు. కొత్త ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాల్సిన అరవై రోజుల గడువు అప్పటినుంచే మొదలు. రిపోర్టు కింద నా పేరు తీసేశారు.

గురువారం వాల్ట్‌గారు తిరిగొచ్చారు. నా సొరుగులోవి అట్టపెట్టెలో ఆయనే సర్దారు. చివర్లో, "ముప్పై ఏళ్లలో ఈ గదిలో ఇంత మంచి రిపోర్టు నేను చదవలేదు. కానీ నువ్వు నన్ను దాదాపు మూడు వారాలు ఇంట్లో కూర్చోనిచ్చావు" అన్నారు. అంతే. చెయ్యి కూడా కలపలేదు. నువ్వు చేసింది మరిచిపోయి చేశావు. నేను ఆయనకి చేసింది తెలిసి చేశాను. నీ మీద కోపంతో ఊగిపోతున్నప్పుడు కూడా ఇది నన్ను వదలడం లేదు.

కోపం ఉంది. చాలా ఉంది. మూడేళ్లు వీడియోలకు పేర్లు అంటించి, ఒక్కసారి సొంతంగా కనిపెట్టి రాసిన రెండు వాక్యాలు నావి. వాటిని ఒక సాయంత్రం పన్నెండు కుటుంబాల మధ్య పంచిపెట్టావు. కొన్నాళ్లు రాయకు.

పర్సిస్

*

బెంటన్‌విల్,
ఏప్రిల్ 7.

పర్సిస్‌కి,

రాయకన్నావు. కానీ ఈ సంగతి నీకు ఇంకొకరి నోట తెలియకూడదని రాస్తున్నాను.

మార్లన్ కంటికి ఆపరేషన్ జరిగిన సంగతి నువ్వు వార్తల్లో చూసే ఉంటావు. లోపలి పొర ఊడిపోతోందట, ఇంకో నెల ఆగితే చూపు మొత్తం పోయేదట. ఇక ఆడడు. కన్ను మాత్రం నిలిచింది. ఆ వార్త చూడగానే మణి ఏడ్చింది. సంఘమంతా ఫోన్లు. శుక్రవారం మనం ప్రార్థించాం, ముక్కూ మొహం తెలియని మనిషి కన్ను దేవుడు కాపాడాడు, ఈస్టర్ ఆరాధనలో అన్నయ్యగారు సాక్ష్యం చెప్పాలి అన్నారు.

నిజం చెబుతున్నాను, నాకూ చెప్పాలనిపించింది. సాక్ష్యం చెబితే నా తప్పు కూడా దేవుడి పనే అయిపోతుంది, నేను హాయిగా నిద్రపోవచ్చు. కాగితం మీద రాసుకున్నాను కూడా. ఆదివారం లేచి నిలబడ్డాను. హాలు నిండా జనం, కొత్త బట్టలు. ఎవాన్ కీబోర్డు దగ్గర తల వంచుకుని ఉన్నాడు. నా నోట సాక్ష్యం రాలేదు. "ఇది సాక్ష్యం కాదు. మా చెల్లెలు నన్ను నమ్మి ఒక రహస్యం చెప్పింది, నేను బయటపెట్టాను, దాని ఉద్యోగం పోయింది. ఆ కంటికి పరీక్ష చేయించమని మనం మోకాళ్లూనక ముందే అది రాసిపెట్టింది. మనం నోరు తెరవకపోయినా ఆ మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లేవాడు, మా చెల్లి ఉద్యోగంలో ఉండేది" అన్నాను.

వెనక వరసలోంచి ఒక పెద్దావిడ, "అయినా అన్నయ్యా, మీ పొరపాటును కూడా దేవుడు వాడుకున్నాడు చూశారా" అంది. అందరూ ఊపిరి పీల్చుకుని ఆమెన్ అన్నారు. పాట ఎత్తుకున్నారు.

కూడికలు నడిపే బాధ్యత వేరే ఆయనకి అప్పగించేశాను. కుర్చీలు మాత్రం ఇంకా వేస్తున్నాను. నిన్ను క్షమించమని అడిగే ముఖం లేదు, అందుకే అడగడం లేదు. ఇంట్లో పై గది ఖాళీగా ఉంది. అది చెప్పడానికి మాత్రం ముఖం ఉంది.

అన్నయ్య

*

జెర్సీ సిటీ,
ఏప్రిల్ 25.

అన్నయ్యకు,

వందనాలు. క్షమించానా అని అడగలేదు, మంచి పని చేశావు. ఇంకా లేదు.

ఆ పెద్దావిడ మాట చదివి మూడు రోజులు ఉడికిపోయాను. దేవుడికి వాడుకోవడానికి నా ఉద్యోగమే దొరికిందా అని గట్టిగా అనుకున్నాను, ఒక్కదాన్నే కాబట్టి పైకే అనుకున్నాను. తర్వాత మార్లన్ ఇచ్చిన ఇంటర్వ్యూ చూశాను. ఏడాదిగా తెలుసట అతనికి. భార్యకు కూడా చెప్పలేదట. మా కంపెనీని ఇప్పటికీ తిడుతున్నాడు, తిట్టాలి కూడా. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూతుర్ని ఎడమ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ పిల్ల ఏదో అంటే తల తిప్పకుండానే నవ్వాడు. ఆ ముక్క నాలుగుసార్లు చూశాను. అలవాటు.

నలభై దరఖాస్తులు పెట్టాను. పిలిచినవాళ్లు పాత ఆఫీసు ఎందుకు వదిలావంటారు, నేను నిజం చెబుతాను, మళ్లీ పిలవరు. గడువు మే పన్నెండు. ఈ అపార్ట్‌మెంట్ మే ఒకటిన ఖాళీ చెయ్యాలి. మిగిలిన పది పన్నెండు రోజులు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. ఉద్యోగం వస్తే అక్కడికి, రాకపోతే ఇంటికి. రెండోదే అవుతుందని నాకు తెలుసు. భయం కూడా వేయడం లేదు, అంత అలిసిపోయాను.

నీ దగ్గరికి వస్తున్నాను. నీ మీద కోపం పోయి కాదు. నాన్న పళ్లెం గుర్తున్న మనిషి ఈ దేశంలో ఇంకొకరు లేరు, అందుకు.

ఆదివారం నీతో చర్చికి వస్తాను, కుర్చీలు కూడా వేస్తాను. కానీ నా వీసా, నా ఉద్యోగం, నా పెళ్లి, ఏ మనవిలోనూ నా పేరు వినిపించకూడదు. వదినకు కూడా చెప్పు. నువ్వు చేసుకుంటే మనసులో చేసుకో, నాకు అభ్యంతరం లేదు. అసలు చెయ్యకపోతే మాత్రం బాధపడతాను.

మే ఒకటి, శుక్రవారం, సాయంత్రం నాలుగున్నరకి దిగుతాను. ఎయిర్‌పోర్టుకి నువ్వొక్కడివే రా.

నీ చెల్లెలు,
పర్సిస్